రిక్రూట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ డెమో గారికి

అయ్యా డెమో గారూ,

మీ ముప్పావుగంట ప్రదర్శన కన్నులపండువగా సాగింది. రెజ్యుమె అలా పడేశారో లేదో పేరు, ఫోను, అనుభవం బుద్ధిగా ఎవరి గడిలో వాళ్లు కూర్చున్నారు. కూర్చోరూ మరి! మీరు ఇంటినుంచి తయారుచేసి తెచ్చుకున్న రెజ్యుమె కదా.

మాకొచ్చేవి వేరే జాతివి. రెండు కాలమ్‌ల రెజ్యుమెని మీ పార్సర్ (రెజ్యుమె చదివి గడులు నింపే యంత్రం) అడ్డంగా చదివేసి, ఎడమపక్క స్కిల్‌ని కుడిపక్క కంపెనీకి అంటగడుతుంది. ఫోన్ నంబరు పేజీ పైఅంచున హెడర్‌లో రాసుకున్నవాళ్లకి తమరి లెక్కలో ఫోనే ఉండదు. కాగితాన్ని మొబైల్‌లో ఫొటో తీసి పీడీఎఫ్ చేసి పంపినవాళ్లయితే, బొమ్మలోని అక్షరాలు చదివే ఓసీఆర్ లేకపోతే, అసలు పుట్టనే లేదు. ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు రాసుకోవడం మన అలవాటు. ఆ 'కె'ని ఫస్ట్ నేమ్‌గా పట్టుకుని "డియర్ కె" అని మెయిల్ కొట్టే చనువు మీకే చెల్లింది.

అందుకని ఈసారి 50 రెజ్యుమెలు మేమే తెస్తాం. అందులో 10 స్కాన్‌లు. ఒకే మనిషివి మూడు: నౌకరీ వెబ్‌సైట్ నుంచి ఒకటి, కన్సల్టెన్సీ పంపింది ఒకటి, ఉద్యోగి రిఫరల్ ఒకటి. ఒకదాంట్లో నంబరు ముందు +91, ఇంకోదాంట్లో సున్నా, మూడోదాంట్లో మెయిల్ ఐడీయే వేరు. ముగ్గురూ ఒక్కరేనని పట్టుకుని, ఎవరు ముందు పంపారో తేదీ, టైముతో చూపించండి. లేకపోతే కమీషన్ కన్సల్టెన్సీకా, బోనస్ ఉద్యోగికా అన్న పంచాయితీ మా నెత్తినే పడుతుంది.

నోటీసు పీరియడ్ గడి ఏదండీ అంటే "కస్టమ్ ఫీల్డ్ పెట్టుకోండి" అంటారు. సరే, 15 రోజులవాళ్లని, 90 రోజులవాళ్లని దాంతో విడదీయొచ్చా అంటే, ఆ ఫిల్టర్ పై ప్లాన్‌లోనట!

ఇక అభ్యర్థులకి మీ ఏఐ వేసే మార్కులు. అమెజాన్ కూడా 2014లో అలాంటిదే మొదలుపెట్టింది. పదేళ్ల పాత రెజ్యుమెలు చూసి నేర్చుకున్న ఆ యంత్రం, "మహిళల" అనే మాట కనిపిస్తే చాలు మార్కులు కోసేదని 2018లో రాయిటర్స్ రాసింది. అప్పటికే అమెజాన్ దాన్ని మూలన పడేసింది. మీరు 87 వేసినవాడికి 87 ఎందుకో ఒక్క ముక్కలో చెప్పగలరా? జావా అడిగితే, వేరే భాషైన జావాస్క్రిప్ట్ వాళ్లని వరసలో నిలబెట్టే మీరు, మార్కులకి కారణం చెబుతారన్న ఆశ మాకు తక్కువే.

ధర దగ్గర మాత్రం మీ గొంతు సన్నబడుతుంది. 300 మంది ఉండి ఏడాదికి 15 మందిని తీసుకునే కంపెనీకి ఉద్యోగుల లెక్కన బిల్లు శుద్ధ దండగ. ఖాళీ పోస్టుల లెక్కే మేలు. గోదాముకి నెలకి 200 మందిని తీసుకునేవాళ్లకి ఈ లెక్క తిరగబడొచ్చు. వాళ్ల అభ్యర్థుల్లో చాలామందికి రెజ్యుమెయే ఉండదు. వాట్సాప్‌లో నాలుగు ప్రశ్నల ఫారం చాలు. సీటు లెక్కన, అంటే వాడే ఒక్కో మనిషికింత అని అయితే, ఏడాదికి రెండుసార్లు ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చునే మేనేజరుకీ సీటు కొనాలా? సెటప్ ఫీజు, మెసేజ్‌ల ఖర్చు, పైన 18% జీఎస్టీ కలిపి కాగితం మీద రాసివ్వండి. అసలు కంటే కొసరు ఎక్కువవుతుందేమో చూసుకుంటాం.

మిమ్మల్ని వదిలేసి వెళ్లేటప్పుడు సీఎస్‌వీ (ఉత్త అక్షరాల పట్టిక ఫైలు) చేతిలో పెట్టి "డేటా ఇచ్చేశాం" అంటే కుదరదు. రెజ్యుమె ఫైళ్లు, ఇంటర్వ్యూ వ్యాఖ్యలు కూడా ఎవరివి వారికి అంటిపెట్టుకుని రావాలి. డిజిటల్ డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది కాబట్టి, అభ్యర్థి చెరిపేయమంటే ఎలా చెరుపుతారో, బ్యాకప్‌లో కాపీ ఎన్నాళ్లుంటుందో ఒప్పందంలోనే రాయండి.

వచ్చే వారం రండి. ల్యాప్‌టాప్ మాది, రెజ్యుమెలు మావి. మౌస్ కూడా మా రిక్రూటర్ చేతిలోనే ఉంటుంది. మీరు పక్కన కూర్చుని కాఫీ తాగండి.

ఇట్లు,
నియామకాల విభాగం