ప్రజారోగ్యం తొలి పాఠాలు మద్రాసు నుంచే మొదలుపెట్టాలి

నెల్లూరు, చిత్తూరు వైపు చాలా ఇళ్లల్లో ఒక నమ్మకం ఉంది. జబ్బు ముదిరితే మద్రాసు తీసుకెళ్లాలి, తీసుకెళ్తే బతుకుతారు. ఊరి పేరు చెన్నై అయి ఇన్నేళ్లయినా ఈ మాటలో మాత్రం అది మద్రాసే. పొద్దున్నే సెంట్రల్ స్టేషన్‌లో స్కాన్ రిపోర్టుల కవర్లతో దిగే తెలుగు కుటుంబాలు, గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల లాడ్జీల్లో వారాల తరబడి ఉండిపోయే కుటుంబాలు ఆ నమ్మకంతో వచ్చినవే.

ఇక్కడి డాక్టర్ల నైపుణ్యం నిజం. అయితే "తీసుకెళ్తే బతుకుతారు" అనే మాట ఎంతవరకు నిజమో తేల్చాలంటే ముందు ఒకటి అడగాలి. ఎవరిని తీసుకెళ్లగలిగారు? ప్రయాణం తట్టుకోగలిగినవాళ్లని. అప్పు పుట్టినవాళ్లని. పని మానుకుని వెంట రావడానికి ఇంట్లో ఇంకొకరు ఉన్నవాళ్లని. గూడూరు దాటకముందే ప్రాణం పోయినవాళ్లు, అసలు బయల్దేరనేలేనివాళ్లు ఈ లెక్కలోకి రారు. బతికొచ్చినవాళ్లు లవంలో కనిపిస్తారు. హారంలో ఎవరెవరు ఉండాలో ఎవరూ అడగరు.

ప్రజారోగ్య శాస్త్రం సరిగ్గా ఈ ప్రశ్న దగ్గర మొదలవుతుంది. ఎంబీబీఎస్‌లో దాన్ని కమ్యూనిటీ మెడిసిన్ అంటారు. పాత బ్యాచ్‌లవాళ్లకు అది పీఎస్ఎం, అంటే ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్. ఎక్కువమంది విద్యార్థులకు అది సర్జరీకీ మెడిసిన్‌కీ దారి ఇవ్వాల్సిన సబ్జెక్టు, పీజీ ఎంట్రన్స్ కోసం బట్టీ పట్టాల్సిన అంకెల మూట. ఈ నిర్లక్ష్యానికి పిల్లలను తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు. మనం పాఠం చెప్పే వరసే తిరగబడి ఉంది. ఆరోగ్యానికి నిర్వచనం, నివారణలో ఎన్ని స్థాయిలు, ఇన్సిడెన్స్‌కీ (కొత్తగా జబ్బు పడుతున్నవాళ్లు) ప్రివలెన్స్‌కీ (ఇప్పుడు జబ్బుతో ఉన్నవాళ్లంతా) తేడా అంటూ మొదలుపెడతాం. ఆ తేడా తెలియకపోతే ఎవరి ప్రాణం మీదకు వస్తుందో చెప్పం. కథ కావాలంటే 1854 నాటి లండన్ కలరా, అది బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ల నుంచి వస్తోందని మరణాలు లెక్కపెట్టి చూపిన డాక్టర్ జాన్ స్నో. గొప్ప కథే, తీసేయమని అనను. కానీ చెన్నైలో చదివే విద్యార్థికి అంతకన్నా దగ్గరి కథ చెట్‌పెట్‌లోనే ఉంది.

1950ల నాటికి టీబీకి మందులు వచ్చాయి. స్ట్రెప్టోమైసిన్, పాస్ అనే మందులు అంతకు ముందే ఉన్నాయి, 1952లో ఐసోనియాజిడ్ తోడైంది. అయినా వైద్యం అంటే శానిటోరియమే, అంటే టీబీ రోగులను ఉంచే ప్రత్యేక ఆసుపత్రి. తెలుగువాళ్లకు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం ఉండేది. చెన్నైలో లోకల్ రైలు ఇప్పటికీ తాంబరం శానిటోరియం అనే స్టేషన్‌లో ఆగుతుంది. మంచి గాలి, పూర్తి విశ్రాంతి, పాలు, గుడ్లు, నెలల తరబడి పడక. ఇవి లేకుండా టీబీ నయం కాదని డాక్టర్లు గట్టిగా నమ్మారు. దేశంలో పడకలు వేలల్లో, రోగులు లక్షల్లో ఉన్నారు. ఆ నమ్మకమే నిజమైతే రోగుల్లో ఎక్కువమందికి ఆశ లేనట్టే.

1956లో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, మద్రాసు ప్రభుత్వం, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి ఇక్కడ టీబీ కీమోథెరపీ (మందులతో వైద్యం) సెంటర్ పెట్టాయి. ఇప్పటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ అదే. బ్రిటిష్ డాక్టర్ వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో అక్కడ 193 మంది పేద రోగులను రెండు గుంపులు చేశారు. రెండింటికీ ఒకే మందులు, ఐసోనియాజిడ్, పాస్, ఏడాది పాటు. ఒక గుంపు శానిటోరియంలో, రెండోది సొంత ఇంట్లో. ఎవరు ఎక్కడికి అన్నది డాక్టరు ఇష్టానికీ రోగి స్తోమతకీ వదల్లేదు. చీటీ తీసినట్టు, యాదృచ్ఛికంగా నిర్ణయించారు. పైన చెప్పిన "ఎవరిని తీసుకెళ్లగలిగారు" అనే చిక్కును విడదీసే పద్ధతి ఇదే. స్తోమత ఉన్నవాళ్లంతా ఒకవైపు చేరిపోతే, చివరికి తేలేది వైద్యం ప్రభావమా స్తోమత ప్రభావమా అన్నది ఎప్పటికీ తెలియదు.

ఫలితాలు 1959లో వచ్చాయి. ఏడాది చివర శానిటోరియంలో 92 శాతం మందికి, ఇంట్లో 86 శాతం మందికి జబ్బు అణిగింది. ఇంట్లో ఉన్నవాళ్లకి తిండి తక్కువ, గదులు ఇరుకు, చాలామంది పనికి కూడా వెళ్లేవారు. అయినా తేడా అంతే. ఇంకో భయం కూడా వీగిపోయింది. రోగిని ఇంట్లో ఉంచితే కుటుంబమంతటికీ అంటుకుంటుందని అనుకున్నారు. తర్వాతి ఏళ్లలో కుటుంబ సభ్యులను గమనిస్తూ వస్తే, రోగి ఇంట్లో ఉన్న కుటుంబాల్లో జబ్బు ఎక్కువగా ఏమీ రాలేదు. అంటుకోవడం చాలావరకు మందులు మొదలవక ముందే జరిగిపోతుంది, మందు పడ్డాక ఆ ముప్పు త్వరగా తగ్గుతుంది. దీంతో కొన్ని దశాబ్దాల్లో శానిటోరియాల కాలం ముగిసింది. ఇంటికి పంపిన రోగి మాత్రలు వేసుకుంటున్నాడా అన్న కొత్త ప్రశ్న పుట్టింది. దానికి జవాబుగా ఇదే మద్రాసులో, క్లినిక్‌కి పిలిచి కళ్లెదుటే వారానికి రెండుసార్లు మందు ఇచ్చే పద్ధతిని పరీక్షించారు. తర్వాత డాట్స్ పేరుతో లోకమంతా పాకిన పద్ధతికి పునాదుల్లో అదొకటి.

ఇక్కడితో ఆపేస్తే విద్యార్థి తప్పు పాఠం నేర్చుకుంటాడు. "అయితే టీబీకి తిండితో పనిలేదన్నమాట" అనుకుంటాడు. మద్రాసు అధ్యయనం అడిగింది, సరైన మందులు వాడుతున్న రోగి కోలుకోవడానికి శానిటోరియం కావాలా అని. ఆ ఇంట్లో జబ్బు ఎందుకు పుట్టింది, రేపు ఇంకెవరికి వస్తుంది అని అడగలేదు. ఆ రెండో ప్రశ్నకు గట్టి జవాబు రావడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది. జార్ఖండ్‌లో చేసిన రేషన్స్ అధ్యయనంలో ఈ చెన్నై సంస్థ కూడా భాగస్వామి. టీబీ రోగుల ఇళ్లల్లో ఉన్న పది వేల మందికి పైగా కుటుంబ సభ్యులను అందులో చూశారు. రోగులందరికీ ఆహారం ఇచ్చారు. ఒక గుంపులో మాత్రం కుటుంబంలో మిగతావాళ్లకి కూడా బియ్యం, పప్పు లాంటివి అందించారు. ఆ ఇళ్లల్లో కొత్తగా టీబీ రావడం సుమారు 40 శాతం తగ్గింది.

రోగిని నయం చేసేదీ, జనంలో రోగాన్ని తగ్గించేదీ ఒకటే కానక్కర్లేదు. తొలి ఏడాది విద్యార్థికి దీన్ని మించిన పాఠం నాకు కనిపించదు. కేంద్ర ప్రభుత్వ పథకం నిక్షయ్ పోషణ్ యోజన కింద టీబీ రోగికి నెలకు 500 రూపాయలు ఇవ్వడం 2018లో మొదలైంది, 2024 నవంబరు నుంచి అది 1,000 అయింది. ఆ డబ్బు పడేది రోగి ఖాతాలో. ఇంట్లో బరువు తగ్గి బలహీనంగా ఉన్న భార్యకో తల్లికో ఏం అందుతోందో అదే శ్రద్ధతో చూడాలని నేనంటాను.

ఓడిపోయిన ప్రయోగం కూడా చెప్పాలి. చెన్నై పక్కనే, అప్పటి చెంగల్పట్టు జిల్లాలోని తిరువళ్లూరు ప్రాంతంలో 1968లో టీబీకి ఇచ్చే బీసీజీ టీకా మీద భారీ పరీక్ష మొదలైంది, రెండున్నర లక్షల మందికి పైగా పాల్గొన్నారు. పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల టీబీ నుంచి ఆ టీకా రక్షణ ఇవ్వలేదని తేలింది. పసిపిల్లల్లో మెదడుకు పాకే ప్రమాదకరమైన టీబీ నుంచి కాపాడుతుంది కాబట్టి పుట్టిన వెంటనే ఇస్తున్నాం. ఎవరికి, దేని నుంచి అని అడగకుండా "పనిచేస్తుందా" అంటే జవాబే లేదు.

ఈ వరసలో కొత్తది 2022లో తమిళనాడు మొదలుపెట్టిన టీబీ మరణాలు లేని పథకం. జనంలో రోగాలు ఎలా వ్యాపిస్తాయో పరిశోధించే, చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ దీనికి తోడు నిలిచింది. టీబీ అని తేలిన రోజే రోగి ఎత్తుకు తగ్గ బరువు ఉందా, కాళ్లవాపు ఉందా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు, రక్తంలో ఆక్సిజన్ ఎంత, ఆసరా లేకుండా నిలబడగలడా అని చూస్తారు. ప్రమాదంలో ఉన్నవాళ్లను వెంటనే ఆసుపత్రిలో చేర్చుతారు. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. అందరినీ ఇంటికి పంపవచ్చని నేర్పిన ఊరే, ఎవరిని పంపకూడదో కూడా లెక్క కట్టి నేర్పుతోంది.

తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఒక మాట. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం మనకూ వారసత్వమే, కోస్తా, రాయలసీమల్లో అది ఆంధ్ర ప్రాంత ప్రజారోగ్య చట్టంగా కొనసాగింది. తమిళనాడు అదనంగా చేసింది, ప్రజారోగ్యానికంటూ ప్రత్యేకంగా శిక్షణ పొందిన అధికారుల వరసను నిలబెట్టుకోవడం. చట్టం పుస్తకం ఒకటే అయినా దాన్ని పట్టుకునే చేతులు ఉండాలి కదా.

కాలేజీల్లో మార్చగలిగింది చాలా ఉంది. ఇప్పుడు ఎంబీబీఎస్ విద్యార్థి మొదటి ఏడాది నుంచే కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని గమనించాలి. మంచి ఆలోచన. కానీ బీపీ చూసి, లాగ్ బుక్ నింపి, సంతకం పెట్టించుకోవడంతో సరిపెడితే వృథా. చెన్నైలో చదివే మన పిల్లలు భాష రాదని వెనక్కి తగ్గక్కర్లేదు. తిరుత్తణి, గుమ్మిడిపూండి వైపు తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థ పరిశోధకులు 1963లో ప్రచురించిన తుమకూరు అధ్యయనాన్ని ముందు చదివించాలి. టీబీ ఉన్నవాళ్లలో సగానికి పైగా తమంతట తామే వైద్యం కోసం వెళ్లారనీ, చాలామందిని దగ్గు మందు ఇచ్చి తిప్పి పంపారనీ అందులో తేలింది. జనానికి అవగాహన లేదు అనే సులువైన నింద అక్కడే కూలిపోయింది.

ఆ తర్వాత బ్యాచ్ మొత్తానికి ఒకే వీధి, ఒకే ప్రశ్న ఇవ్వాలి. ఈ వీధిలో రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఎంతమంది ఆసుపత్రికి వెళ్లారు, వెళ్లినవాళ్లలో ఎంతమందికి తెమడ పరీక్ష జరిగింది, జరగనివాళ్లకి ఎందుకు జరగలేదు. తలుపు వేసి ఉన్న ఇళ్లను కూడా పట్టికలో రాయించాలి. వాళ్లు ఏ వేళ దొరుకుతారో కనుక్కుని మళ్లీ వెళ్లి అడిగినదానికి మార్కులు వేయాలి.