మీరు చూసింది మంగళవారం చర్చి

ఈమధ్య మా పశ్చిమ గోదావరిలో ఏ కన్వెన్షన్‌కు వెళ్లినా ఒకటే మాట. యూరప్ టూర్ చేసొచ్చిన బోధకులు మైకు పట్టుకుని, "అక్కడ చర్చిలన్నీ మ్యూజియంలు అయిపోయాయి, ఆ దేశాలు దేవుణ్ణి వదిలేశాయి" అంటారు. సభంతా అయ్యో అంటుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోతుంది. మా ఆయనా నేనూ ఆ దేశాలు తిరిగొచ్చినవాళ్లమే. వాళ్లు చూసిన మందిరాలే మేమూ చూశాం.

జర్మనీలో కొలోన్ కేథడ్రల్‌నే తీసుకోండి. 1248లో మొదలుపెడితే 1880కి గానీ పూర్తికాలేదు. ఎత్తు 157 మీటర్లు. లోపల ఆరాధన జరిగేటప్పుడు టూరిస్టుల్ని తిరగనివ్వరు, ఎర్రటి నిలువుటంగీలు వేసుకున్న కాపలావాళ్లు చూసుకుంటూ ఉంటారు. మరి టూర్ బస్సు మిమ్మల్ని ఎప్పుడు తీసుకెళ్తుంది? ఆరాధన లేనప్పుడే కదా! మంగళవారం పదకొండింటికి గైడు జెండా వెనకాల వెళ్లి, నాలుగు ఫొటోలు దిగి, ఇక్కడికొచ్చి "ఖాళీగా ఉంది" అంటే ఎలా అండీ? మన ఊళ్లో సంఘ మందిరానికి మంగళవారం పదకొండింటికి వెళ్తే ఎవరుంటారు?

ఆదివారం పొద్దున మీ బస్సు ఎక్కడుందో అది చెప్పండి ముందు. క్రైస్తవ యాత్ర అని పోస్టర్లు వేసిన ప్యాకేజీల్లో కూడా ఆదివారమంటే హోటల్లో టిఫిన్, బస్సులో చిన్న ప్రార్థన, ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లో టిట్లిస్ మంచుకొండకు కేబుల్ కారు. విశ్వాసులతో కూడుకోవడానికి రెండు గంటలు తీయలేని యాత్రకు ఆ పేరెందుకు?

జనం తగ్గలేదని నేననడం లేదు. 2022లో ఒక్క జర్మనీలోనే కేథలిక్ సంఘం నుంచి 5 లక్షల మందికి పైగా పేరు తీయించుకున్నారు. అక్కడ సభ్యులుగా ఉంటే ఇన్‌కమ్ ట్యాక్స్ మీద ఇంకో 8, 9 శాతం చర్చి పన్ను పడుతుంది, అది వద్దనుకునేవాళ్లున్నారు. పసిపిల్లల మీద జరిగిన అఘాయిత్యాల్ని పెద్దలే కప్పిపెట్టారన్న కోపంతో వెళ్లిపోయినవాళ్లున్నారు. వాళ్ల కోపం న్యాయమే. కానీ ఆ లెక్కల్లోకి రాని సంఘాలు బోలెడు. వాటికి పన్నూ లేదు, గోపురమూ లేదు, స్కూలు హాలు అద్దెకు తీసుకుని కూడుకుంటారు.

ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర మేం వెళ్లింది అలాంటి సంఘానికే. వాక్యం జర్మన్‌లో, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లలో ఫార్సీ అనువాదం. యుద్ధం మొదలయ్యాక పిల్లల్ని తీసుకుని వచ్చేసిన ఉక్రెయిన్ తల్లులు ఒక వరుసలో, నైట్ డ్యూటీ దిగి అలాగే వచ్చిన మలయాళీ నర్సులు ఇంకో వరుసలో. కూటం అయ్యాక ఎవరింట్లో వండుకొచ్చినవి వాళ్లు బల్ల మీద పెట్టారు. ఒక ఇరాన్ ఆవిడ గిన్నె అడుగున ఎర్రగా మాడిన అన్నం పెచ్చు విరిచి నా ప్లేటులో వేసింది. వాళ్లకు అది అతిథికి పెట్టే ముద్దట. ఆవిడ బాప్తిస్మం తీసుకున్న సంగతి ఇంటి దగ్గర కన్నతల్లికి కూడా తెలియదు. ఫొటో వద్దని చేతులు పట్టుకుని బతిమాలింది. ఆవిణ్ణి చూశాక కూడా "యూరప్‌లో విశ్వాసం చచ్చిపోయింది" అనే మాట వింటూ కూర్చోమంటారా?

ఇక బార్న్‌స్టేపుల్. ఇంగ్లండ్‌లో, డెవన్‌లో చిన్న ఊరు. మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట 1836లో మన దేశానికి ఓడెక్కిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు ఆ ప్రాంతం వాళ్లే. తెలుగు ఒక్క ముక్క రాకుండా వచ్చి నరసాపురం, పాలకొల్లు వైపు స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అలా పుట్టింది, మా సంఘమూ అలా పుట్టిందే. మేం ఫలానా సంఘం విశ్వాసులమని మా పెద్దలు రాసిచ్చిన సిఫారసు పత్రికను అక్కడి పెద్ద ఒకాయన లేచి చదువుతూ "నరసాపురం" అని కూడబలుక్కుంటుంటే మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఆడవాళ్లు టోపీలు పెట్టుకున్నారు, నేను కొంగు కప్పుకున్నాను. ప్రభువు బల్ల రొట్టె అందరి చేతుల మీదుగా మా దాకా వచ్చింది.

ఉన్నది కొద్దిమందే, ఒప్పుకుంటాను. అన్నీ నెరిసిన తలలే. కానీ ఒక పెద్దావిడ నేనిచ్చిన నరసాపురం లేసు గుడ్డను తిరగేసి, వెనక ముడులు వేలితో తడిమి చూస్తూ, "మీ ఊళ్ల కోసం మా అమ్మ ప్రార్థన చేసేది, ఇప్పుడు నేను చేస్తున్నాను" అంది. మనం వాళ్ల కోసం ఎన్నిసార్లు చేశాం? ముసలితనంలో ఉన్న తల్లిని చూసి రావాల్సింది పోయి, ఇల్లు బోసిపోయిందని ఊరంతా చాటుతున్నాం.

చూడాల్సినవి చూడొద్దని కాదు. లూథర్ ఊరు విట్టెన్‌బర్గ్ వెళ్లండి, జెనీవాలో ప్రొటెస్టెంట్ సంస్కర్తల శిల్పాలున్న గోడ చూడండి. ఏ ప్యాకేజీలోనూ కనపడని, జర్మనీలోని హాలే ఊరు కూడా చూడండి. మద్రాసులో సేవచేసి వెళ్లిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746లో తెలుగు పుస్తకాలు అచ్చువేయించింది అక్కడే. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలవి. క్రైస్తవులే కాదు, తెలుగు చదివే ఎవరైనా ఒకసారి నిలబడి రావాల్సిన ఊరు.

బోధకులకు నా మనవి ఒక్కటే. ఇకమీదట మైకులో యూరప్ సంగతి ఎత్తితే, అక్కడ ఏ సంఘంలో కూర్చుని ఆరాధించారో కూడా చెప్పండి. వెళ్లబోయేవాళ్లు టికెట్లు కొనకముందే మీ పెద్దల చేత పత్రిక రాయించుకుని, అక్కడి సంఘాలకు ముందుగా మెయిల్ పెట్టండి. బార్న్‌స్టేపుల్‌కు జర్మనీలాంటి యూరప్ దేశాలకు తీసుకునే షెంగెన్ వీసా పనికిరాదు, బ్రిటన్‌ది వేరే తీసుకోవాలి. లండన్ నుంచి ఎక్సెటర్ వెళ్లి రైలు మారితే అక్కడి నుంచి గంట పైన పడుతుంది. ఆదివారం ఆ లైన్లో రైళ్లు తక్కువ, శనివారం సాయంత్రానికే చేరుకోండి.