ఎర్త్ అనే దండగమారి ఖర్చు

మన తిరుపతి దయ్యాలు ఈ మధ్య బాగా చదువుకున్నాయి. చింతచెట్లు వదిలేసి ఫోన్లలో కాపురం పెట్టాయి. చార్జింగ్‌లో ఉన్న ఫోన్ చేతిలోకి తీసుకోవడం ఆలస్యం, పనిలోకి దిగుతాయి. ‘అ’ నొక్కితే ‘క్ష’ పడుతుంది. దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలిన పూట ఓటీపీ కొట్టబోతుంటే స్క్రీన్ దానంతట అదే వెనక్కి పోతుంది. మళ్లీ లోపలికి వెళ్లేసరికి మనకి కావలసిన తేదీ ఎర్రబడి ఉంటుంది. ‘స్వామి పిలుపు రాలేదులే’ అని సర్దుకుంటాం. పిలుపు వచ్చే ఉంటుందని నా నమ్మకం. మధ్యలో చార్జర్ అందుకుంది.

ఫోన్ షాపుకి తీసుకెళ్తే అక్కడి తమ్ముడు రెండు వైపులా తిప్పి చూసి, ‘డిస్‌ప్లే పోయినాదన్నా, మార్చాల్సిందే’ అంటాడు. చార్జర్ పీకితే ఫోన్ బుద్ధిగా ఉంటుంది, తగిలిస్తే పూనకం వస్తుంది. ఇంత సమయపాలన ఉన్న దయ్యాన్ని నేనెక్కడా చూడలేదు. అయినా ఆ పరీక్ష ఎవరూ చెయ్యరు, ఎందుకంటే దానికి డబ్బులు కావు. డబ్బులు కాని వైద్యం మీద మనకి గురి ఉండదు.

చార్జర్ కొన్నది బస్టాండు దగ్గర, బేరమాడి నూరు రూపాయలకి. చెయ్యి ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది, అంత తేలిక. ఓపికున్నవాళ్లు దాన్ని విప్పి చూడండి. లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కనే బోర్డు మీద తెల్లటి అక్షరాలతో ‘సీవై 1’ అని రాసి ఉంటుంది, రెండు బెజ్జాలు కూడా ఉంటాయి. ఆ బెజ్జాల్లో నీలంరంగు బిళ్లలాంటి కెపాసిటర్, అంటే కరెంటుని కాసేపు దాచుకునే ముక్క, ఒకటి కూర్చోవాలి. చాలా చోట్ల కూర్చోదు. డిజైన్ చేసినవాడికి దాని అవసరం తెలుసు, తయారుచేసినవాడికి దాని ధర తెలుసు. గెలిచింది రెండోవాడు.

ఆ బిళ్ల పేరు వై కెపాసిటర్. దాని ఉద్యోగం ఏమిటో తెలియాలంటే ముందు మన వేలి విలువ తెలియాలి. స్క్రీన్ అద్దం కింద ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శక పదార్థంతో గీసిన, కంటికి ఆనని గీతలు అడ్డంగా నిలువుగా ఉంటాయి. చిప్ ఒక దిక్కు గీతల్లోకి సంకేతం పంపి, రెండో దిక్కు గీతల్లో ఎంత చేరిందో కొలుచుకుంటూ ఉంటుంది. వేలు ఆనితే కొంచెం తగ్గుతుంది. ఎంత కొంచెం అంటే, మామూలుగా ఒక పికోఫారడ్ కూడా ఉండదు. కరెంటుని దాచుకునే గుణాన్ని ఫారడ్‌లలో కొలుస్తారు, పికోఫారడ్ అంటే అందులో లక్ష కోట్లవ వంతు. సెల్ఫీ తీసుకునే చేతికి ఫోన్ దృష్టిలో ఉన్న పరపతి ఇంతే, మనోభావాలు దెబ్బతిన్నవాళ్లు క్షమించాలి. పైగా ఫోన్‌కి బలం తెలియదు. కోపంతో గట్టిగా పొడిస్తే గట్టిగా వింటుందనుకోవడం మన ఆఫీసుల్లో నేర్చుకున్న అలవాటు.

ఇక చార్జర్ సంగతి. అది 230 వోల్టుల కరెంటుని సెకనుకి వేలసార్లు, ఒక్కోసారి లక్షసార్లు కోసి ఐదు వోల్టులకి దించుతుంది. ఆ కోతలో పుట్టిన గోల ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మధ్య సందుల్లోంచి ఇవతలికి దూకుతుంది. ప్లస్ వైరూ మైనస్ వైరూ రెండూ కలిసి ఎగిరి కలిసి దిగుతాయి కాబట్టి ఫోన్‌కి ఆ సంగతే తెలియదు. దీన్నే కామన్ మోడ్ నాయిస్ అంటారు. ఎగిరే ఫోన్‌ని ఎగరని మనిషి ముట్టుకున్నప్పుడు తేడా బయటపడుతుంది. మనం ఒట్టికాళ్లతో గచ్చు మీద నిలబడి ఉంటాం, అంతో ఇంతో భూమికి చెందినవాళ్లం. గోలకి దారి దొరికింది, మన వేలే! అందుకే దొంగ టచ్‌లు ఎక్కడపడితే అక్కడ రావు, చాలాసార్లు వేలు పెట్టిన గీత పొడుగునే పైనా కిందా వస్తాయి. దయ్యమే అయితే ఇంత లైను పాటించదు.

వై కెపాసిటర్ చేసేదల్లా ఆ గోలకి వేరే క్యూ లైన్ వేసి, పుట్టిన చోటికే తిప్పి పంపడం. తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి క్యూ లైన్ విలువ చెప్పాలా? ప్రతి మనిషికీ ఒక దారి వేసిన ఊరు మనది, నాయిస్‌కి మాత్రం దారి అడిగితే దండగ అంటాం. మంచి చార్జర్ పెట్టినా మెటల్ బాడీ ఫోన్ మీద చెయ్యి రాస్తే కొంచెం జివ్వుమనవచ్చు, అది ఈ బిళ్ల పుణ్యమే. ఆ లీకేజీ మనిషికి ప్రమాదం కాకూడదని బిళ్ల సైజుకి హద్దు పెట్టారు. నూరు రూపాయల చార్జర్‌లో ఆ బిళ్ల బదులు మామూలు కెపాసిటర్ గుచ్చితే మాత్రం అది వేళాకోళం కాదు. అది చెడి షార్ట్ అయితే మీ ఫోన్‌లో ఉండేది దయ్యం కాదు, మెయిన్స్ కరెంటు.

పాపం, చిప్ చేతులు కట్టుకుని కూర్చోదు. సంకేతం పంపకుండా కాసేపు ఊరికే చెవి ఒగ్గి వింటుంది, ఏ ఫ్రీక్వెన్సీలో గోల తక్కువో చూసుకుని అక్కడికి మకాం మారుస్తుంది. ఒక్క కొలతని నమ్మదు. పదహారుసార్లు కొలిచి సగటు తీస్తే, అడ్డదిడ్డంగా వచ్చే నాయిస్ నాలుగో వంతుకి తగ్గుతుంది. మరీ తిక్కగా ఉన్న కొలతని లెక్కలోంచి తీసేస్తుంది. టచ్ వరసగా కొన్ని స్కానుల్లో కనపడితేనే అవునంటుంది, ఒకసారి అవునన్నాక చిన్న తేడాకే కాదనదు. ఇన్ని సద్గుణాలున్న అభ్యర్థి మన వార్డులో నిలబడితే డిపాజిట్ గల్లంతయ్యేది. దీనికీ ఒక ధర ఉంది. ఎక్కువసార్లు కొలిచేకొద్దీ స్క్రీన్ నింపాదిగా స్పందిస్తుంది. అప్పుడు మనమే ‘ఫోన్ స్లో అయింది’ అని కొత్తది కొంటాం, చార్జర్ మాత్రం పాతదే వాడతాం. ఇంట్లో ఉన్న వస్తువు పారేయడం మా వంశంలో లేదు.

మూడు పిన్నుల యంత్రాల దగ్గర కథ ఇంకా రంజుగా ఉంటుంది. ఆఫీసుల్లో నిలువెత్తు టచ్ కియోస్కులు, అంటే వేలితో నొక్కి పని చేసుకునే యంత్రాలు, వచ్చాయి. వాటి పవర్ సప్లైలో వై కెపాసిటర్లు గోలని భూమిలోకి పోయే ఎర్త్ వైరులోకి తోస్తాయి. ఎర్త్ లేకపోతే? రెండు కెపాసిటర్ల మధ్యలో చిక్కిన ఇనప పెట్టె సగం మెయిన్స్ దగ్గర, అంటే సుమారు 115 వోల్టుల దగ్గర ఊగుతూ ఉంటుంది. తెలుగు నొక్కితే హిందీ వస్తుంది, పెట్టెని తాకితే చెయ్యి చురుక్కుమంటుంది. అప్పుడు దాని పక్కన ఒక మనిషిని కుర్చీ వేసి కూర్చోబెడతారు, మన బదులు నొక్కడానికి. ఎర్త్ వైరు కంటే ఆయన జీతమే చౌక అని ఎవరో లెక్క వేసే ఉంటారు.

ఇళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. గృహప్రవేశానికి పట్టుచీరలు, ఫాల్స్ సీలింగ్, గుమ్మానికి వెండి పూత, అన్నీ ఉంటాయి. గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలంలో నాలుగు బిందెల నీళ్లు పోయాల్సిన ఎర్త్ పిట్ దగ్గరికి వచ్చేసరికి బడ్జెట్ అయిపోతుంది. ఎలక్ట్రీషియన్ని అడిగితే, ‘లైటు వెలగతా ఉండాది, ఫ్యాను తిరగతా ఉండాది, ఇంక ఎర్త్ ఏం చేసుకుంటావు సార్?’ అని తిరిగి మననే అడుగుతాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేక కాదు, ఆయన మళ్లీ రాడేమోనని భయం.

వేలిని ఇలా కనిపెట్టే కెపాసిటివ్ టచ్ స్క్రీన్ గురించి ఇంగ్లండులోని మాల్వెర్న్ రాడార్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన జాన్సన్ 1965లో రాశాడు. విమానాల రాకపోకల నియంత్రణకి పనికొస్తుందని ఆయన ఉద్దేశం. పాపం, బస్టాండు చార్జర్‌ని ఆయన ఊహించలేదు. యూరప్ వాళ్లు ఊహించారు. ఒకే రకం చార్జర్ కోసం 2010లో రాసుకున్న ప్రమాణంలో కామన్ మోడ్ నాయిస్‌కి కూడా హద్దు పెట్టుకున్నారు. మన దగ్గర చార్జర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అది ముఖ్యంగా భద్రత కోసం. బస్టాండు చార్జర్ మీద ఆ గుర్తు వెతికాను. ‘ఫాస్ట్’ అని మాత్రం చాలా పెద్ద అక్షరాల్లో ఉంది.

శ్రీసిటీలో ఫోన్లు తయారు చేశాం, రేణిగుంట దగ్గర టీవీలు చేస్తున్నాం. అలాంటి జిల్లా ఒక నీలం బిళ్ల కోసం ఇంత ఇబ్బంది పడటం బాగాలేదు కాబట్టి నాదొక సూచన. చార్జర్లు అమ్మేవాళ్లందర్నీ బస్సెక్కించి కాణిపాకం తీసుకెళ్లాలి. అక్కడ వినాయకుడి ఎదుట అబద్ధం ఆడటానికి జనం జంకుతారు. తలస్నానం చేయించి, ‘లోపల వై కెపాసిటర్ ఉంది’ అని ప్రమాణం చేయించాలి. వెనకాడతారని మీరు అనుకోవచ్చు, వాళ్లేమీ వెనకాడరు. ఉన్నదో లేదో వాళ్లెప్పుడూ విప్పి చూడలేదు, కాబట్టి అబద్ధం ఆడిన దోషం కూడా అంటదు.