69కి ఫెయిల్, 49కి ఆకాశం

పైలట్ కావాలనుకునే కుర్రాడికి, దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ పెట్టే పరీక్షలో నూటికి 70 మార్కులు రావాలి. 69 వస్తే ఫెయిల్. వాతావరణం పేపరైనా, నావిగేషన్ పేపరైనా ఒక్క మార్కు కలపరు. కలపకూడదు కూడా, గాల్లో గ్రేస్ మార్కులు ఉండవు. అదే డీజీసీఏ 2025లో ఆ కుర్రాడికి విమానం నేర్పే సంస్థలకు తొలిసారి మార్కులు వేసింది. మొత్తం 35 సంస్థలను తూచితే ఒక్కదానికీ ‘ఎ’ గ్రేడు దక్కలేదు. 13 సంస్థలు ‘బి’తో సరిపెట్టుకున్నాయి. మిగిలిన 22 సంస్థలది ‘సి’ గ్రేడు, అంటే 50 మార్కులు కూడా రాలేదు. మరి ఈ 22 సంస్థలకు పడిన శిక్ష ఏమిటి? ఆత్మపరిశీలన చేసుకుని మెరుగుపడండని ఒక నోటీసు. విమానాలు దించమని మాత్రం ఎవరూ అనలేదు.

పిల్లవాడు ఒక్క మార్కుతో తప్పితే ఎగరనివ్వరు. నేర్పే బడి సగం మార్కులు తెచ్చుకోలేకపోయినా ఎగరనిస్తారు. ఇదెక్కడి న్యాయం?

మార్కులు వేసిన తీరు చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. పనితీరుకు 40, నిర్వహణకు 20, భద్రతకు 20, నిబంధనలు పాటించినందుకు 10, విద్యార్థులకు అందించే సాయానికి 10. విమానం ఎగరడం నేర్పేచోట భద్రత వాటా అయిదో వంతు! కాగితం మీద లెక్క వేస్తే, భద్రతలో గుండు సున్నా తెచ్చుకున్న సంస్థ కూడా మిగతా వాటిలో నెట్టుకొచ్చి మంచి గ్రేడు కొట్టేయవచ్చు. ఈ లెక్క కట్టినవారు తమ పిల్లలను అలాంటి చోట చేర్పిస్తారా?

శిక్షణ ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడండి. తెల్లవారగానే విద్యార్థి రన్‌వే పక్కన విమానం రెక్క కింద వంగుతాడు. ట్యాంకు అడుగున ఉన్న చిన్న వాల్వు నొక్కి, గ్లాసులోకి కాస్త నీలి రంగు పెట్రోలు పట్టి, వెలుతురుకు ఎత్తి చూస్తాడు. అడుగున నీటి బొట్టు కనిపిస్తే మళ్లీ వంపేసి మళ్లీ పడతాడు. ఆ బొట్టు ఇంజిన్‌లోకి వెళితే గాల్లో ఇంజిన్ ఆగిపోవచ్చు. వాడు చేయాల్సిన తనిఖీ అంత నిక్కచ్చిగా ఉంటుంది. కానీ ఇంజిన్ లోపల మెకానిక్ ఏం బిగించాడో, ఏం వదిలేశాడో వాడికి తెలియదు. సంతకం ఉన్న కాగితాన్ని నమ్మి ఎక్కుతాడు. చాలాచోట్ల ఇంకా ఎగురుతున్న సెస్నా 152 రకం చిన్న విమానాల తయారీ 1985లోనే ఆగిపోయింది. విమానం పాతదైనంత మాత్రాన ప్రమాదం కాదు, చూసుకునే నాథుడు ఉంటే. ఆ నాథుడు ఉన్నాడా లేడా అని చూడాల్సింది డీజీసీఏ. చూసింది, మార్కులూ వేసింది. 22 చోట్ల సగం కూడా రాలేదని తేల్చింది. అయినా ఎగరమంది.

2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో అలాంటి రెండు సీట్ల విమానమే కూలి, ఒంటరిగా నడుపుతున్న శిక్షణ పైలట్ చనిపోయింది. అంతకు ముందు 2019 అక్టోబరులో వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ దగ్గర ఇద్దరు శిక్షణ పైలట్లు పోయారు. 2025 ఏప్రిల్‌లో గుజరాత్‌లోని అమ్రేలీలో ఇళ్ల మధ్య విమానం పడి ఇంకో ప్రాణం పోయింది. మహారాష్ట్రలోని బారామతిలో 2023 అక్టోబరులో నాలుగు రోజుల్లో ఒకే సంస్థ విమానాలు రెండు కూలాయి. ఆర్నెల్లలో అయిదు ఘటనలు జరిగాకే డీజీసీఏ ఆ సంస్థ శిక్షణను ఆపించింది. ఆపే అధికారం ఉందని, అవసరమైతే వాడగలమని దానికి తెలుసన్నమాట. ఏదో ఒకటి కూలేదాకా దాన్ని బయటికి తీయకపోవడమే మన బాధ.

బాలయోగి, సౌందర్య, రాజశేఖర రెడ్డి.. చిన్న విమానం, హెలికాప్టర్ మిగిల్చిన విషాదం తెలుగువారికి కొత్తగా చెప్పాల్సింది కాదు. పేరున్నవారు పోయినప్పుడు దేశమంతా కదులుతుంది. శిక్షణ పైలట్ పోతే జిల్లా పేజీలో ఒక ఫొటో, నాలుగు వాక్యాలు. ఆ పాపంలో పత్రికలకూ వాటా ఉంది, మాతో సహా.

ర్యాంకులు ఇవ్వడమే మంచి మొదలు కదా, ఒక్కసారిగా మూసేస్తే పిల్లలు విదేశాలకు పోతారు కదా అనేవారున్నారు. వచ్చే 15, 20 ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలని పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడే చెప్పారు. కావాలి, కాదనం. అయితే ఆ 30 వేల మందిని 50 మార్కులు రాని చోట తయారు చేసి, రేపు 180 మంది కూర్చున్న విమానం చేతికిస్తారా? 2011లో ఎగరని గంటలు ఎగిరినట్టు రాసిన దొంగ లాగ్‌బుక్కులు, నకిలీ లైసెన్సుల బాగోతం బయటపడినప్పుడు ఈ దేశం ఒకసారి పరువు పోగొట్టుకుంది. గంటలు లెక్కకు చూపిస్తే చాలన్న బుద్ధి అప్పుడు ఎక్కడ పుట్టిందో మరిచిపోయారా?

తనిఖీకి మనుషులు లేరన్నది ఎప్పుడూ ఉండే సాకు. డీజీసీఏలో మంజూరైన 1,063 పోస్టుల్లో 553 మాత్రమే భర్తీ అయ్యాయని 2025లో పార్లమెంటు స్థాయీ సంఘమే ఎత్తిచూపింది. దాదాపు సగం కుర్చీలు ఖాళీ. వాటిని నింపాల్సింది సర్కారే. పైగా మనుషులు తక్కువైతే తనిఖీ ఆలస్యం కావచ్చు గానీ, తనిఖీ చేసి తప్పారని తేల్చిన తర్వాత కూడా వదిలేయడానికి అది కారణం ఎలా అవుతుంది?

సి గ్రేడు వచ్చిన చోట పిల్లలను ఒంటరిగా పంపడం తక్షణం ఆపాలి. మెయింటెనెన్స్ రికార్డులను బయటి ఇంజినీర్లతో తిరగేయించాలి. మళ్లీ మార్కులు తెచ్చుకున్నాకే తాళం తీయాలి. ఈలోగా ఫీజు కట్టిన పిల్లలను మెరుగైన చోటికి మార్చే పూచీ డీజీసీఏదే. అరకోటి దాకా అప్పు చేసిన తల్లిదండ్రులను నడిరోడ్డున వదిలేసి దాన్ని క్రమశిక్షణ అనకూడదు. భద్రతను మిగతా మార్కుల్లో కలపడం మానేసి, దాన్ని విడిగా, తప్పితే తప్పినట్టే అన్న పేపరుగా పెట్టాలి. బ్లాక్‌బాక్స్ లేని చిన్న విమానాల్లో ఎత్తు, వేగం, దారి నమోదు చేసే చిన్న పరికరం పెట్టించడం పెద్ద ఖర్చేమీ కాదు. అది ఉంటే ఎందుకు కూలిందో అని ఏళ్ల తరబడి ఊహాగానాలు చేయాల్సిన పని ఉండదు.

రామ్మోహన్ నాయుడు మనవాడే, శ్రీకాకుళం బిడ్డ. అందుకే గట్టిగా అడుగుతున్నాం. రెండో జాబితాకు పెట్టుకున్న తేదీ 2026 ఏప్రిల్ 1. అప్పటిదాకా ఈ 22 చోట్ల రోజూ పొద్దున్నే రెక్క కింద వంగి గ్లాసులో నీటి బొట్టు వెతికే పిల్లలకు పూచీ ఎవరు మంత్రిగారూ, మీ నోటీసా?