మహారాజశ్రీ ఎంపీ3 ప్లేయర్ గారి సముఖానికి

అయ్యా,

లైనక్స్ కంప్యూటర్ వాడుకునే సామాన్యుడు వేయి దండాలు పెట్టి రాసుకునే విన్నపం. ఇక్కడ నేను క్షేమం. తమరు కూడా క్షేమమని తలుద్దామంటే, ఆ సంగతి తెలియడానికే టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరిచి, డీమెసగ్ అని కొట్టి, ఆఖరి నాలుగు లైన్లూ చదువుకోవాల్సి వస్తోంది. కొత్త యూఎస్‌బీ పరికరం వచ్చిందని లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ చెబుతుంది. తమ కంపెనీ పేరు, మోడల్ పేరు, సీరియల్ నంబరు కూడా గడగడా అప్పజెబుతుంది. అంటే తమరు వేంచేశారని లోపల అందరికీ తెలుసన్నమాట. ఫైల్ మేనేజర్‌లో మాత్రం తమ దర్శనం కాదు.

తమరు వచ్చిన డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఒక మాట ఉంది. పనిచేయడానికి కావలసినవి: విండోస్ లేదా మ్యాక్. మా ఊసే లేదు. సరే, మేమెప్పుడూ కొద్దిమందిమే, అలవాటైపోయింది. కానీ ఒక్క సందేహం తీర్చండి. కేబుల్ గుచ్చగానే తమరు మొట్టమొదట చేసే పని చార్జింగ్. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగిన 500 మిల్లీఆంపియర్లలో మొహమాటపడి ఒక్కటి కూడా వదిలిపెట్టరు. ఈ కరెంటు ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌ది అని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. బ్యాటరీ బొమ్మ నింపాదిగా నిండుతూనే ఉంటుంది. అదే కేబుల్ మీద ఒక పాట పంపబోతే మాత్రం వెంటనే కులగోత్రాలు గుర్తొస్తాయి.

తమ వంశ చరిత్ర కొంచెం గుర్తు చేస్తాను, కోప్పడకండి. 1998లో రియో పీఎంపీ300 అని తమ పూర్వీకులొకరు ఉండేవారు. 32 ఎంబీ మెమరీ, మహా అయితే అరగంట పాటలు. ప్రింటర్ తగిలించుకునే ప్యారలల్ పోర్టుకే దాన్నీ తగిలించేవారు. అంత చిన్న ప్రాణి మీద అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం కోర్టుకెక్కింది. 1999లో అప్పీలు కోర్టు తమ పూర్వీకుడి పక్షానే తీర్పిచ్చింది. మనిషి తన దగ్గరున్న పాటను వెంట తీసుకెళ్లడానికి కాపీ చేసుకుంటే అది సొంత వాడకం కిందికే వస్తుందని ఒప్పుకుంది. న్యాయమూర్తులు ఒప్పుకున్నారు. తమరే ఇంకా ఒప్పుకోలేదు.

2001 అక్టోబరులో వచ్చిన ఐపాడ్ గారి వైభోగం అయితే చెప్పక్కర్లేదు. పైకి మామూలు డిస్కులాగే కనిపిస్తుంది. పాటలు కాపీ చేస్తే ఎక్కుతాయి కూడా. ఎక్కాక ప్లేయర్‌లో చూస్తే ఒక్కటీ ఉండదు! లోపలికెళ్లి వెతికితే ఐపాడ్_కంట్రోల్, అందులో మ్యూజిక్, అందులో ఎఫ్00, ఎఫ్01 అంటూ వరసగా గదులు. ఐపాడ్ తాలూకు ఐట్యూన్స్ ప్రోగ్రామ్ ఎక్కించిన పాటలన్నీ ఆ గదుల్లో, అర్థం పర్థం లేని నాలుగేసి అక్షరాల పేర్లతో ఉంటాయి. జైల్లో ఖైదీకి నంబరిచ్చినట్టు. ఏ పేరు ఏ పాటదో తెలిసేది ఐట్యూన్స్‌డీబీ అనే ఒక్క చిట్టాకే. ఆ చిట్టాలో ఎక్కని పాట డిస్కులో ఉన్నా లేనట్టే లెక్క.

మావాళ్లు ఊరుకుంటారా? ఆ చిట్టాను బైటు బైటుగా విప్పి చదివారు, తిరిగి రాయడమూ నేర్చారు. జీటీకేపాడ్, లిబ్‌జీపాడ్, రిథమ్‌బాక్స్, అమరాక్ అనే ప్రోగ్రామ్‌లన్నీ ఆ పని చేసి పెట్టాయి. 2007 సెప్టెంబరులో వచ్చిన ఐపాడ్ క్లాసిక్, మూడో తరం నానో ఆ చిట్టా మీద ఒక రహస్య ముద్ర వేయడం మొదలుపెట్టాయి. ఒక్కో ప్లేయర్‌కి ఉండే ఫైర్‌వైర్ ఐడీ అనే గుర్తింపు సంఖ్యను కలిపి లెక్కగట్టే ముద్ర అది. లెక్క తప్పితే మెమరీ నిండా పాటలున్నా తెర మీద పాటలు సున్నా. తాళం కనిపెట్టడానికి ఎన్ని నెలలు పట్టిందో గానీ, విప్పడానికి మావాళ్లకు పట్టింది రోజులే. తర్వాతి నానోలకి మళ్లీ కొత్త ముద్రలు వేశారు. నాకు అర్థం కానిది ఒక్కటే. ఇంత కాపలా ఎవరి నుంచి? ఆ పాటలు పెట్టిన మనిషి నుంచే కదా!

వాళ్ల గొడవ వదిలేద్దాం, తమ సంగతికి వస్తాను. కంప్యూటర్‌తో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి తమకు ఇష్టమైన భాష ఎమ్‌టీపీ. కెమెరాలోంచి ఫొటోలు దించుకోవడానికి పుట్టిన పీటీపీ మీద మైక్రోసాఫ్ట్ కట్టిన మేడ అది. 2008లో యూఎస్‌బీ ప్రమాణాల్లోకీ ఎక్కింది. న్యాయంగా చెప్పాలంటే అందులో ఒక మంచి ఉంది. డిస్కు తాళంచెవులు తమ దగ్గరే ఉంటాయి కాబట్టి మధ్యలో కేబుల్ పీకినా లోపలి ఫైల్ సిస్టమ్ అంత తేలిగ్గా పాడవదు. ఒప్పుకుంటాను. కానీ దానికి మేం చెల్లించేది చూడండి. తమ దృష్టిలో ఫైల్ అనేది లేదు, అంతా ఆబ్జెక్టే. పాట ఫైల్ లోపల రాసి ఉన్న వివరాల్లో ఒక్క అక్షరం తప్పుపడితే ఆ ఫైల్ తెరిచి దిద్దడానికి మామూలు ఎమ్‌టీపీలో వీల్లేదు. పాతది తీసేసి పాట మొత్తం మళ్లీ సమర్పించుకోవాలి. పైగా తమరు ఒక్కసారి ఒక్క మాటే వింటారు. ఆల్బమ్ ఎక్కుతుండగా పక్క ఫోల్డర్ తెరిచామా, అంతే సంగతులు. డెస్క్‌టాప్ తరఫున జీవీఎఫ్‌ఎస్ అనే ఆయన ముందే వచ్చి తమతో మాట కలిపితే, ఆ తర్వాత వచ్చిన ఏ ప్రోగ్రామ్‌కైనా "పరికరం బిజీ" అన్న జవాబే. ఆయన్ని అన్‌మౌంట్ చేసి బయటికి పంపితే గానీ తమ చెవి మాకు దక్కదు.

ఇంతటి తమ కోసం లిబ్‌ఎమ్‌టీపీ అని ఒక లైబ్రరీని మావాళ్లు ఏళ్ల తరబడి పోషిస్తున్నారు. దాని సోర్స్ కోడ్‌లో తమ బంధుగణం అందరి జాబితా ఉంది: తయారీదారు నంబరు, మోడల్ నంబరు, పక్కన ఎవరికి ఏ జబ్బు అన్నది. అడిగిన వివరాలు సరిగ్గా చెప్పనివారు, ఒకసారి పలకరిస్తే మళ్లీ పలకనివారు, ఇలా ఎవరి జాతకం వాళ్లకుంది. అందులో నాకు అన్నింటికంటే నచ్చిన జబ్బు, ఓగ్ (ఎంపీ3 లాంటిదే ఇంకో రకం పాట ఫైలు) ఫైళ్లను "తెలియనివి" అని చెప్పడం. అంటే ఆ ప్లేయర్ ఓగ్ వార్బిస్ పాటను చక్కగా పాడుతుంది. ఇదేం ఫైల్ అని కంప్యూటర్ అడిగితే మాత్రం ఎరగనంటుంది. దీనికోసం ఆ జాబితాలో ప్రత్యేకంగా ఒక ఫ్లాగ్ (గుర్తు) పెట్టాల్సి వచ్చింది. ఫ్లాక్ అనే మరో రకం పాట ఫైలుకీ అలాంటిదే ఇంకొకటి ఉంది.

ఓగ్ మీద మాకెందుకంత మోజంటారా? ఎంపీ3 మీద పేటెంట్లు ఉన్నన్నాళ్లూ చాలా లైనక్స్ డిస్ట్రోలు (లైనక్స్‌లో రకరకాల కూర్పులు) దాన్ని నేరుగా ఇవ్వలేకపోయాయి. ఫ్రాన్‌హోఫర్ సంస్థ ఆ లైసెన్సుల వ్యవహారం మూసేసింది 2017 ఏప్రిల్‌లో. అప్పటిదాకా ఇన్‌స్టాల్ చేయగానే మా మొదటి పని, పాట వినిపించే కోడెక్‌ల కోసం వెతుక్కోవడం. అలా పేటెంట్ల పీడ లేని ఓగ్‌కి అలవాటుపడ్డాం.

తమ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ మోడ్ అని ఒకటుంది: ఆటో, ఎమ్‌టీపీ, ఎమ్మెస్సీ. ఆటో అంటే తమ నిఘంటువులో ఎమ్‌టీపీ అని తేలింది. ఎమ్మెస్సీ అంటే మామూలు పెన్‌డ్రైవ్ లాగా ఉండటం. అది పెట్టాక ప్రాణం లేచొచ్చింది, డ్రైవ్ కనిపించింది. తీరా చూస్తే అంతకుముందు ఎమ్‌టీపీలో ఎక్కించిన పాటలు ఇందులో కనిపించవు, ఇందులో ఎక్కించినవి అందులో కనిపించవు. తమరు మాత్రం రెండూ పాడతారు. ఒకే కడుపులో రెండు సంసారాలు, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియకుండా! తమ సామర్థ్యానికి జోహార్లు.

ఈ మోడ్‌లో జరిగే అల్లరిలో మావాళ్ల వాటా కూడా ఉంది, దాచను. కాపీ పెట్టగానే పచ్చ గీత రయ్యిమని చివరికంటా పరుగెడుతుంది. నిజానికి పాటలు ఇంకా కంప్యూటర్ ర్యామ్‌లోనే ఉంటాయి, తమ దగ్గరికి తీరిగ్గా చేరతాయి. సింక్ అని కొట్టి ఆగడమో, అన్‌మౌంట్ చేసి "ఇక తీయవచ్చు" అనేదాకా కూర్చోవడమో చేయాలి. ఆ గీతను నమ్మి కేబుల్ పీకినవాడికి తమరు విధించే శిక్ష ఘోరం. ఈసారి గుచ్చితే రీడ్-ఓన్లీ అని మొండికేస్తారు. ఎఫ్‌ఎస్‌సీకే అనే మరమ్మతు కమాండ్ నడిపి, ఎఫ్‌ఎస్‌సీకే0000.రెక్ లాంటి పేర్లతో మిగిలిన శకలాలు ఏరుకోవాలి.

అన్నిటికంటే విడ్డూరం చెత్తబుట్టది. తమలో చోటు లేదని ఒక ఆల్బమ్ డిలీట్ చేస్తాం. పాటలు మాయమవుతాయి, చోటు మాత్రం రాదు. ఇంకో ఆల్బమ్ డిలీట్ చేస్తాం. ఊహూఁ. చివరికి దాచిన ఫైళ్లు చూపించమంటే .ట్రాష్-1000 అన్న ఫోల్డర్ బయటపడుతుంది, తీసేసినవన్నీ అందులో పదిలంగా ఉంటాయి. ఆ 1000 చాలా డిస్ట్రోల్లో మొదటి యూజర్‌కి ఇచ్చే నంబరు. పేరు ముందు చుక్క ఉంటే దాచాలన్నది మా లైనక్స్ మర్యాద. తమలో ఫైళ్లను అమర్చే ఫ్యాట్32 పద్ధతికి అది తెలియదు. అందుకని తమ జాతిలో కొందరు ఆ ఫోల్డర్‌నూ శ్రద్ధగా గాలించి, పారేసిన పాటల్ని కూడా జాబితాలోకి ఎక్కించేస్తారు. వద్దనుకున్న పాటే షఫుల్‌లో ముందొస్తుంది. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టాలని ఏ మాన్యువల్లోనూ రాయరు.

పాట పేరులో ప్రశ్నార్థకం ఉంటే తమరు అసలు లోపలికే రానివ్వరు. కోలన్ ఉన్నా అంతే. ప్రశ్నలడిగే పాటలు తమకు గిట్టవని సరిపెట్టుకుని, ఆ గుర్తులు తీసేసి పంపుతున్నాం. వచ్చాక అయినా వరసలో పాడతారా అంటే, ఒకటో పాట తర్వాత ఏడోది, ఆ తర్వాత మూడోది. పేరు చూడకుండా, ఫ్యాట్ ఫోల్డర్ పట్టికలో ఏది ముందు రాసి ఉంటే దానికి పెద్దపీట వేస్తారు. అందుకోసం ఫ్యాట్‌సార్ట్ అనే ప్రోగ్రామ్ పుట్టింది. ఒక ప్లేయర్‌కి ఒకటి, రెండు, మూడు నేర్పడానికి కంప్యూటర్ ప్రోగ్రామ్!

తెలుగులో పేరు పెడితే డబ్బాలు చూపిస్తారు, లేదా ప్రశ్నార్థకాలు. (ఫైల్ పేరులో వద్దన్న ప్రశ్నార్థకాలే. తెర మీద మాత్రం ముద్దొస్తాయి కాబోలు.) పాట వివరాలు ఫైల్లోనే రాసే ఐడీ3 పద్ధతి పాత మొదటి వెర్షన్‌లో పాట పేరుకి కేటాయించింది 30 బైట్లు. అన్ని భాషల అక్షరాలూ రాయగలిగే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు, గుణింతాలకీ విడిగా లెక్క. అంటే పది గుర్తులు దాటగానే పేరు తెగిపోతుంది. యూటీఎఫ్-8ని అధికారికంగా ఒప్పుకున్న ఐడీ3 2.4 వెర్షన్ 2000లోనే వచ్చింది. అది చదవడం తమలో చాలామంది నేర్చుకోలేదు. ఒక మెట్టు దిగి 2.3లో యూటీఎఫ్-16గా రాస్తే కొందరు కరుణిస్తారు.

మీ వంశంలో కొత్త తరం ఆండ్రాయిడ్ మీద నడుస్తోందట. దానికి అడుగున ఉన్నది లైనక్స్ కెర్నెల్. కడుపులో మా కెర్నెల్, డబ్బా మీద వాళ్ల పేర్లు. దీని మీద నేనేమీ మాట్లాడను. మాట్లాడితే ఉత్తరం ఉత్తరంలా ఉండదు.

నా కోరిక చాలా చిన్నది. కేబుల్ గుచ్చితే డ్రైవ్ కనిపించాలి. మ్యూజిక్ ఫోల్డర్‌లో పాట వేస్తే అది పాడాలి, తీసేస్తే పోవాలి. చిట్టాలూ ముద్రలూ నాకొద్దు. నా పాటల పేర్లు నేనే పెట్టుకుంటాను.

కుదరదంటారా, అయితే ఒక సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. 2001 చివర్లో, ఆర్కోస్ కంపెనీ జూక్‌బాక్స్ ప్లేయర్‌లో వచ్చిన సాఫ్ట్‌వేర్ నచ్చక కొందరు స్వీడన్ ప్రోగ్రామర్లు సొంతంగా ఇంకొకటి రాసుకోవడం మొదలుపెట్టారు. రాక్‌బాక్స్ అంటారు దాన్ని. ఓగ్ పాడుతుంది, ఫ్లాక్ పాడుతుంది, ఫోల్డర్లు ఫోల్డర్లుగానే చూపిస్తుంది. కావాలంటే డూమ్ గేమ్ కూడా ఆడనిస్తుంది. ఒకసారి ఎక్కిస్తే తమ పాత బుద్ధులేవీ మిగలవు. ఎక్కించదగిన మోడళ్ల జాబితా నిన్న రాత్రి తీరిగ్గా చదివాను. తమరు అందులో ఉన్నారు.

ఇట్లు,
కంప్యూటర్ మీద సర్వాధికారమిచ్చే రూట్ పాస్‌వర్డ్ తెలిసి కూడా తమ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ,
తమ యజమాని