అంతరించిపోతున్న వారికి ఐదు నిమిషాలు

పెళ్ళికి వెళ్ళి, పీటల మీద ఉన్న వరుడి ముందే నిలబడి, "పోయేలోగా ఒకసారి చూసి పోదామని వచ్చాం" అంటే పెళ్ళివారు అక్షింతలతో పాటు ఇంకేమైనా వేస్తారు. కళాకారుడు మాత్రం అదే మాట వేదిక మీద విని, రెండు చేతులూ జోడించి, చిరునవ్వు నవ్వాలి. "అంతరించిపోతున్న" అనే విశేషణం తగిలించకుండా జానపద కళ పేరు పలకడం ఈ మధ్య సభామర్యాద కాదు.

మొన్న ఒక పట్టణంలో సాంస్కృతిక సంబరాలకు వెళ్ళాను. వ్యాఖ్యాత గొంతు పూడుకుపోతుండగా, "అంతరించిపోతున్న తోలుబొమ్మలాటకు ఈయనే చివరి వారసుడు" అని ప్రకటించాడు. చివరి వారసుడి పక్కన మద్దెలతో కొడుకు, తాళాలతో కోడలు ఉన్నారు. తెర అంచుకు ఈతముళ్ళు అందిస్తూ ఎనిమిదేళ్ళ మనవడు కూడా ఉన్నాడు. చివర తర్వాత ఇంత మంది ఉండటం నిర్వాహకులకు కొంత ఇబ్బందే. భోజనం కూపన్లు రెండే ఇచ్చారు.

ఆటకు ఐదు నిమిషాలు. పూర్వం తెల్లవార్లూ ఆడేవారట, పని లేక. వాల్మీకి 24 వేల శ్లోకాలు రాశాడు కనుక సెకనుకు 80 శ్లోకాల చొప్పున లాగిస్తే సరిపోతుంది. "పెద్దాయనా, అరణ్యకాండ వదిలేసి నేరుగా లంకకు వెళ్ళిపోండి" అని ఒక కార్యకర్త సర్దుబాటు చెప్పాడు. పెద్దాయన సరేనన్నాడు. సభలో దీపాలు ఆర్పారు. తెర మీదికి హనుమంతుడు ఎగిరాడు. నిలువెత్తు బొమ్మ, ఒంటినిండా చిల్లుల నగలు, వాటిలోంచి ఎర్రటి, పచ్చటి వెలుగు. తెర వెనక కాళ్ళ కింది చెక్కపలకలు టకటకలాడాయి. నా పక్కన ఒక పిల్లవాడు చేతిలోని ఫోను ఒళ్ళో పడేశాడు. తోకకు నిప్పంటుకుంది.

సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి వచ్చారు. అతిథి ముఖం ఫొటోలో పడాలి కదా, వేదిక మీది దీపాలన్నీ ఒక్కసారి వెలిగించారు.

నీడ మీద బతికే ఆట అది. లంక కాలకుండానే మాయమైంది. హనుమంతుడు లేడు, తెల్లటి పంచె మిగిలింది. దాని వెనక ముసలాయన పాడుతూనే ఉన్నాడు. ఆయన పాడుతుండగానే అతిథికి దండ వేశారు, శాలువా కప్పారు, జ్ఞాపికగా తోలుతో చేసిన దీపపు బుట్ట ఇచ్చారు. అప్పుడు తెర వెనక నుంచి, ఆటలో నవ్వించే బొమ్మ జుట్టుపోలిగాడి గొంతు, తన జోడీ బొమ్మ బంగారక్కను పిలుస్తూ వినిపించింది: "ఒసే బంగారక్కా! కరెంటొచ్చింది, మన బతుకు పోయిందే!" సభంతా నవ్వింది. అతిథి కూడా నవ్వి, మైకు అందుకుని, 20 నిమిషాల పాటు అంతరించిపోతున్న కళల గురించి మాట్లాడారు.

ఆ దీపపు బుట్టలు ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో చేస్తారు. ఒకప్పుడు బొమ్మ వెనక దీపం ఉండేది, ఇప్పుడు తోలు లోపల దీపం పెడుతున్నారు. ఆట పిలుపులు తగ్గాక పొట్ట గడవడానికి దొరికిన దారి అది, వారిని అనడానికి ఏమీ లేదు. మనకు మాత్రం అందులో గొప్ప సుఖం ఉంది. ఆ బుట్ట పాడదు, వ్యాను అద్దె అడగదు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ పద్మశ్రీ వచ్చినంత మాత్రాన సభలో కరెంటు స్విచ్చు ఎవరి చేతిలో ఉండాలన్న విషయం తేలదు కదా!

అయినా అంతరించడమంటే ఏమిటి? వానకు నానిన మట్టిగోడలా తనంతట తానే కూలిందా? ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటూ, ఊరూరా తెలుగు రామాయణం కంఠతా పాడిన కుటుంబాలవి. మేకతోలు కొని, గీకి, ఆరబెట్టి, ఉలితో ఒక్కొక్క చిల్లూ కొట్టి, రంగులద్ది బొమ్మను నిలబెడతారు. అంత పని చేసిన మనిషిని సాయంత్రం ఐదుకు రమ్మని, రాత్రి పది దాకా కుర్చీ కూడా వేయకుండా నిలబెట్టి, "మీకు ప్రచారం వస్తుంది కదా, డబ్బెందుకు" అని అడిగే నోరు ఎవరిది? ఆ నోటితోనే మర్నాడు వేదికెక్కి సంతాపం చెప్పడానికి సిగ్గు ఉండక్కర్లేదా? పింఛను కోసం ఆయన బతికే ఉన్నానని ఏటా కాగితం ఇస్తాడు. మనం ఆయన విద్య చచ్చిపోతోందని ఏటా ఉపన్యాసం ఇస్తాం.

ఇంతకీ ఆ రాత్రి వ్యాను అద్దె ఇంకా ఇవ్వలేదు. నిన్న ఆ నిర్వాహకుడు ఫోను చేస్తే దాని గురించేనేమోనని సంబరపడ్డాను.

"వచ్చే నెల ఇంకో కార్యక్రమం ఉందండీ. ఆ పెద్దాయన కుటుంబమంతా వస్తే ఖర్చవుతోంది. ఒక్కరే వచ్చే అంతరించిపోతున్న కళ ఏదైనా మీకు తెలుసా?"