పావుగంట పని

ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్ డిస్క్ తీసి, తిరిగే భాగాల్లేని వేగమైన డ్రైవ్ ఎస్‌ఎస్‌డీ పెట్టడం పావుగంట పనేనని అందరూ అంటారు. నిజమే. మూత ఊడదీయడానికి పట్టే గంట, దొర్లిపోయిన స్క్రూ కోసం మంచం కింద పాకే గంట ఆ లెక్కలోకి రావు.

తిప్పలు కొనేటప్పుడే మొదలవుతాయి. డబ్బా మీద ఎం.2 అని చూడగానే కొనేస్తారు. అది కార్డు ఆకారం పేరు మాత్రమే. లోపల డేటా నడిచే దారులు రెండు: పాత సాటా, వేగమైన ఎన్‌వీఎంఈ. సాటా ఒక్కటే తెలిసిన స్లాట్‌కి ఎన్‌వీఎంఈ కార్డు తెస్తే గాడి కుదరదు, కుదిరినా కంప్యూటర్‌ని నిద్రలేపే సాఫ్ట్‌వేర్ బయోస్ దాని మొహం చూడదు. బాగా పాత ల్యాప్‌టాప్‌లో ఆ స్లాటే ఉండదు. అక్కడ పనికొచ్చేది 2.5 అంగుళాల సాటా డ్రైవే. దాని మందం సాధారణంగా 7 మి.మీ. పాతది 9.5 మి.మీ. అయితే ఆ ఖాళీకి స్పేసర్ అనే పలచటి చట్రం పెట్టకపోతే లొడలొడలాడుతుంది.

ఇక మూత. కనిపించిన స్క్రూలన్నీ తీసినా రాదు. బలం చూపిస్తే టక్కుమంటుంది. వచ్చింది మూత కాదు, విరిగింది క్లిప్పు. మిగతా రెండు స్క్రూలూ రబ్బరు కాళ్ల కింద దాక్కుని ఉంటాయి. లోపలికి చేరాక ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. స్క్రూలన్నీ ఒకే గిన్నెలో పోసేవారికి శిక్ష చివర్లో పడుతుంది. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే కీబోర్డు పక్కన మొటిమ లేస్తుంది. కాగితం మీద మూత బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చుకుంటే ఈ బాధ ఉండదు.

అసలు గండం క్లోనింగ్, అంటే పాత డిస్క్‌లోని సరుకంతా కొత్తదానికి ఉన్నదున్నట్టు నకలు చేయడం. జాబితాలో డిస్క్ 0, డిస్క్ 1 అని రెండు కవలలు కనిపిస్తాయి. ఏది మూలమో, ఏది గమ్యమో సైజూ మోడలూ చూసి తేల్చుకోవాలి. గమ్యం దగ్గర పాత డిస్క్‌ని ఎంచుకుంటే అందులోని ఫొటోలన్నీ గోవిందా. సాఫ్ట్‌వేర్ "మొత్తం చెరిగిపోతుంది, సరేనా?" అని మర్యాదగా అడుగుతుంది కూడా. చదవకుండా సరే నొక్కే వేలు ప్రతి మనిషికీ ఒకటి ఉంటుంది. అందుకే ముందు బ్యాకప్, ఆ తర్వాతే క్లోనింగ్.

ఎం.2 స్లాట్‌లో కొత్తది పెట్టి, పాత డిస్క్‌నీ లోపలే ఉంచుకునేవారి వేడుక వేరు. ఆన్ చేసి "అబ్బ, ఏం స్పీడో!" అని ఇంటిల్లిపాదినీ పిలుస్తారు. ఏ డిస్క్ నుంచి మొదలవ్వాలో చెప్పే బయోస్ బూట్ వరసలో మొదటి పేరు మాత్రం ఇంకా పాత హార్డ్ డిస్క్‌దే.